విత్‌డ్రా అను మాట

మా ఫిలింనగరులో నటుడెవరైనను చిత్రమునుండి వైదొలగినచో దానికి తరతరాల వాక్యమొకటి సిద్ధముగా నుండును: డేట్లు కుదరక తప్పుకొనిరి. తప్పుకొనిరో, తప్పించిరో, అడ్వాన్సు తిరిగి వచ్చినదో లేదో ఆ వాక్యము చెప్పదు. చెప్పకుండుటకే అది పుట్టినది. ఇట్టి మృదుభాషణమునకు అలవడిన జూబ్లీహిల్సు యువకుడు, ఏటీఎంలో సొమ్ము తీయుటయు, 2025 నవంబరు ఉపఎన్నికవేళ మన వీధులలో వినబడిన నామినేషను ఉపసంహరణమును తప్ప 'విత్‌డ్రా'కు వేరొక అర్థ మెరుగక అమెరికా చేరి, విశ్వవిద్యాలయపు పోర్టలులో ఆ మీటను అలవోకగా నొక్కివేయును.

అక్కడ సెమిస్టరు తొలిదినములలో, గడువు లోపల, కోర్సును వదలుట డ్రాప్. సాధారణముగా దాని జాడ మిగులదు. గడువు దాటి వదలిన అది విత్‌డ్రా. మార్కులపట్టికలో 'డబ్ల్యూ' నిలిచిపోవును. ఆ అక్షరము అపకీర్తి కాదు, ఎఫ్ కంటె నయమే. భయపడవలసినది వేరు. ఎఫ్-1 వీసాదారుడు పూర్తిస్థాయి చదువు సాగింపవలెను గనుక, విదేశీ విద్యార్థుల వ్యవహారములు చూచు డీఎస్‌వో అనుమతి ముందుగా పొందక కోర్సు వదలి, డిగ్రీలో 12 క్రెడిట్లకు, పీజీలో పలుచోట్ల 9కి తక్కువ పడినచో, వీసాహోదాయే పోవును. చదువునే విరమింపదలచినవాడు అనుమతితో విరమించిన దేశము విడుచుటకు 15 దినముల వ్యవధి. చెప్పక మానిన ఒక్క దినమును లేదు. చదువు ముగించినవారి 60 దినములు తనకును వర్తించునని రూమ్మేటు చెప్పిన నమ్మరాదు.

చిరంజీవిగారు 2007 పిదప కథానాయక పాత్రలు మాని, రాజకీయములు చూచి, 2017 జనవరిలో 'ఖైదీ నంబర్ 150'తో మరలివచ్చినప్పుడు ఎన్నేండ్లైనదని ప్రేక్షకుడు లెక్క అడుగలేదు. విదేశీ విద్యార్థుల లెక్కలు నమోదుచేయు అమెరికా ప్రభుత్వపు సెవిస్ అడుగును: చదువునకు దూరమై అయిదు నెలలు దాటినచో సాధారణముగా విశ్వవిద్యాలయమిచ్చు అర్హతాపత్రమగు ఐ-20ని కొత్తగా పొంది మొదటికి రావలెను.

అన్నిటికంటె బరువైన విత్‌డ్రా విమానాశ్రయములో ఎదురగును. 2015 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగిన మన విద్యార్థులు కొందరు వెనుదిరిగి రావలసివచ్చిన సంగతి తల్లిదండ్రులు మరువలేదు. ప్రవేశమునకు చేసిన అభ్యర్థనను తానే ఉపసంహరించుకొనుటకు అధికారి సమ్మతించినచో వీసా రద్దగుట కద్దు గాని, ఆ ఉపసంహరణకై నిషేధము పడదు. అట్లుగాక సత్వర బహిష్కరణపు ఉత్తరువైనచో అయిదేండ్లు ద్వారము మూతపడును. తప్పుకొనుటకును తప్పింపబడుటకును గల భేదము అక్కడ కాగితముపై స్పష్టముగా వ్రాయబడి యుండును. కనుక సంతకమునకు ముందు అది ఏ కాగితమో అడిగి, అవసరమైనచో తెలుగు దుబాసిని కోరి, చదివించుకొనుడు. ఇల్లు చేరిన పిమ్మట చుట్టములకు డేట్లు కుదరలేదని చెప్పుకొనవచ్చును.