రెండు ఆటల పిల్లగాడు: కోటా రామస్వామి చిన్నతనం

మాది బీర్పూర్, జగిత్యాల జిల్లా. నరసింహస్వామి గుట్ట, రోళ్లవాగు ప్రాజెక్టు అంటే మా దిక్కు అందరికీ ఎరుకే. బడిలో ఉన్నప్పుడు పొద్దున కబడ్డీ, సాయంత్రం వాలీబాల్ ఆడేవాణ్ణి. తొమ్మిదో తరగతిలో రెండు జట్లకూ పేరిస్తే "ఏదన్న ఒక్కటి తేల్చుకో బిడ్డా" అన్నరు. తేల్చుకున్న. ఇంటర్ల చేరినంక ఆ ఒక్కటి కూడా పోయింది. అప్పటినుంచి రెండు ఆటలూ వదలని మనుషుల గురించి ఎక్కడ కనబడ్డా చదువుతుంటా.

ఈ విషయంలో లోకమంతా చెప్పే పేరు జిమ్ బ్రౌన్. 1936లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పుట్టాడు. ముత్తవ్వ పెంచింది. ఎనిమిదేళ్ళప్పుడు న్యూయార్క్ దగ్గర మాన్‌హాసెట్‌లో ఇళ్లల్లో పనిచేసే తల్లి దగ్గరికి వచ్చాడు. అక్కడి బడిలో ఐదు ఆటలు ఆడాడు. వాటిలో అమెరికన్ ఫుట్‌బాల్ ఒకటి, లక్రాస్ ఒకటి. లక్రాస్ అంటే కొసకు వల కట్టిన కర్రతో బంతిని పట్టి విసిరే ఆట, అక్కడి ఆదివాసులది. సిరక్యూస్ యూనివర్సిటీ మొదట అతనికి స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. కెన్నెత్ మొల్లోయ్ అనే లాయరు ఊళ్ళో చందాలు పోగుచేసి ఫీజు కట్టించాడు. ఆ పైసలు ఊరివని పిల్లగానికి చెప్పనేలేదు! 1957లో అదే పిల్లగాడు లక్రాస్‌లో పది మ్యాచుల్లో 43 గోల్స్ కొట్టాడు. అదే ఏడు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ ఫుట్‌బాల్ జట్టు అతన్ని తీసుకుంది.

మరి మన తెలుగువాళ్ళలో అట్లాంటి మనిషి లేడా అని వెతికితే కోటా రామస్వామి దొరికారు. క్రికెట్‌లో టెస్టులు, టెన్నిస్‌లో డేవిస్ కప్, రెండూ భారతదేశం తరఫున ఆడారు. ఇంత మనిషి పేరు నేను ఇంజనీరింగ్ మూడో సంవత్సరం దాకా వినలేదు, అది వేరే సంగతి.

1896 జూన్ 16న మద్రాసులో పుట్టారు. తండ్రి బుచ్చిబాబు నాయుడు. ఇప్పటికీ చెన్నైలో జరిగే బుచ్చిబాబు టోర్నమెంటు ఆయన పేరు మీదిదే. తాతగారికి దత్తత వెళ్ళడం వల్ల ఇంటిపేరు కోటా అయింది. తండ్రి కథ తెలియకుండా ఈయన బాల్యం అర్థం కాదు. ఆ రోజుల్లో చేపాక్‌లోని మద్రాస్ క్రికెట్ క్లబ్ తెల్లవాళ్ళది. అక్కడ ఆడడానికి వెళ్ళిన మనవాళ్ళకు పెవిలియన్‌లోకి ప్రవేశం లేదు, చెట్టుకింద కూర్చొని తినాలి. బుచ్చిబాబుకు అది గుచ్చుకుంది. 1888లో, అంటే ఇరవై ఏళ్ళ వయసులో, మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టారు. కుర్రాళ్ళను పోగుచేసి బ్యాట్లు, బట్టలు తానే ఇచ్చి ఆడించారు. మద్రాసు క్లబ్బుతో సరిసమానంగా మ్యాచ్ ఆడాలన్నది ఆయన పట్టు. 1908లో ఆ మ్యాచ్ ఖాయమైంది, కానీ జరిగేలోపే ఆయన పోయారు. అప్పటికి రామస్వామికి పన్నెండేళ్ళు.

తండ్రి లేని పిల్లవాడు ఆట మానేసి ఉండొచ్చు. మానలేదు. ఇంట్లో అన్నలూ క్రికెట్ ఆడేవారు. మైలాపూర్ లజ్‌లో వాళ్ళకు పెద్ద ఇల్లుంది, డబ్బుంది. ఇది దాచిపెట్టి కథ చెబితే అబద్ధమే అయితది. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి కేంబ్రిడ్జ్ వెళ్ళారు. అక్కడ టెన్నిస్ ముందుకొచ్చింది. 1922లో డేవిస్ కప్ ఆడారు. అట్లని క్రికెట్‌కు దండం పెట్టలేదు. తిరిగొచ్చి వ్యవసాయ శాఖలో ఉద్యోగం చేస్తూనే రెండూ ఆడారు.

1936లో ఇంగ్లండ్ వెళ్ళిన భారత జట్టుకు కెప్టెన్ విజయనగరం మహారాజకుమార్. అందులో సి.కె. నాయుడు ఉన్నారు, మన రామస్వామీ ఉన్నారు. మాంచెస్టర్‌లో మొదటి టెస్టు ఆడేనాటికి నలభై ఏళ్ళు నిండాయి. చేసినవి 40, 60. తర్వాత ఓవల్‌లో 29, 41 నాటౌట్. రెండే టెస్టులు, సగటు 56.66. మళ్ళీ పిలుపు రాలేదు. 1985 అక్టోబరులో, 89 ఏళ్ళ వయసులో, మద్రాసులో ఇంటినుంచి బయటికి వెళ్ళి తిరిగి రాలేదు. ఏమయ్యారో ఎవరికీ తెలియలేదు.

జిమ్ బ్రౌన్‌కు ఊరు చందా వేసింది. రామస్వామికి ఇంట్లోనే అన్నీ ఉన్నయ్. "ఒక్కటి తేల్చుకో" అన్నవాళ్ళ మాట ఇద్దరిలో ఎవరూ వినలేదు. నేను విన్న. అన్నది మా మేలు కోరినవాళ్ళే, అందుకే కోపం కూడా సరిగ్గా రాదు.

పోయిన దసరాకు ఊరికి పోతే బడి గ్రౌండ్‌లో వాలీబాల్ గుంజలు అట్లనే ఉన్నయ్, నెట్ లేదు. ఇద్దరు పిల్లగాళ్ళు గుంజల నడుమ చేందతాడు కట్టి ఆడుతున్నరు. వాపస్ వచ్చేటప్పుడు జగిత్యాలలో ఆగి నెట్ ధర అడిగిన. మా బ్యాచోళ్ళం ఆరుగురం వేసుకుంటే అయితది. ఇప్పటికి నలుగురు సరే అన్నరు.