సంతకమునకు ముందు తెలిసికొనవలసిన మాటలు

(ఉద్యోగమునకు, పనిచోటునకు సంబంధించిన ఇంగ్లీషు మాటల పాఠము)



మనది తెలుగు మాట్లాడు ఇల్లు, వేరొక భాష మాట్లాడు ఊరు. ఇంటిలో మనము జీతము అందుము. ఆ సొమ్మునే కన్నడిగులు సంబళ అనియు, తమిళులు సంబళం అనియు, మరాఠీవారు పగార్ అనియు, ఒడియావారు దరమా అనియు అందురు. మన పిల్లలకు ఈ మాటలు వీధిలోనే వచ్చును. అయితే జీతము లెక్క వ్రాసిన కాగితము మాత్రము చాలా చోట్ల ఇంగ్లీషులోనే చేతికి వచ్చును. మూడు భాషలు గడగడ మాట్లాడువారు సహితము ఆ కాగితము దగ్గర ఆగి, "సంతకము ఎక్కడ పెట్టమంటారండీ?" అని మాత్రమే అడుగుట మనము చూచుచునే యున్నాము.

తెలిసినదాని నుండి తెలియనిదానికి పోవలెనని ఉపాధ్యాయ శిక్షణలో మొదటనే చెప్పుదురు. ఈ పాఠము కూడ ఆలాగే నడచును. డ్యూటీ, షిఫ్టు, ఓటీ, లీవు, పర్మనెంటు, సెటిల్మెంటు - ఇవన్నియు బడికి పోని అవ్వకు కూడ తెలిసిన మాటలే. కాని మాట నోటిలో ఉన్నప్పుడు దాని అర్థము వెడల్పుగా ఉండును. కాగితము మీదికి ఎక్కినప్పుడు ఇరుకైపోవును. మన డబ్బు, మన హక్కు ఆ ఇరుకైన అర్థము మీదనే నిలుచును. దీనిని మనసున ఉంచుకొని ఒక్కొక్క గుంపు మాటలను చూతము.

1. జీతపు చీటి మీది మాటలు

జీతపు చీటిని పే స్లిప్ అందురు. దానిలో ముఖ్యముగా చూడవలసినవి మూడు: గ్రాస్, డిడక్షన్, నెట్. గ్రాస్ అనగా కోతలకు ముందు మొత్తము. డిడక్షన్ అనగా కోత. నెట్ అనగా కోతలు పోగా చేతికి వచ్చునది.

ఒక లెక్క వేసి చూతము. ఒకరికి బేసిక్, అనగా మూలవేతనము 9,000 రూపాయలు. డీఏ, అనగా కరువు భత్యము 5,000 రూపాయలు అనుకొనుడి. గ్రాస్ 14,000. పీఎఫ్, అనగా ప్రావిడెంట్ ఫండు క్రింద నూటికి 12 చొప్పున 1,680 పోవును. ఈఎస్ఐ క్రింద నూటికి 0.75 చొప్పున 105 పోవును. నెట్ 12,215 మిగులును. కొన్ని రాష్ట్రములలో ప్రొఫెషనల్ టాక్స్ అను మరియొక కోత కూడ జీతమును బట్టి ఉండును.

పోయిన 1,680 పోయినట్లు కాదు. యజమాని కూడ అంతే సొమ్ము కట్టవలెను. యజమాని వాటాలో నూటికి 8.33, అనగా ఈ లెక్కలో 1,166 రూపాయలు పెన్షను నిధికి పోవును. మిగిలినది మన ఖాతాలో చేరును. ఆ ఖాతాకు 12 అంకెల యూఏఎన్ అను నంబరు ఉండును. పనిచోటు మారినను ఆ నంబరు మారదు. చీటి మీద పీఎఫ్ కోత ఉండి యూఏఎన్ లేనియెడల, వెంటనే అడుగవలెను.

యౌవనులు బెంగళూరు, చెన్నై ఆఫీసులలో చేరునప్పుడు సీటీసీ అను మాట వినుచున్నారు. అనగా మనమీద కంపెనీకి అగు మొత్తము ఖర్చు. పై లెక్కలో గ్రాస్ 14,000కు యజమాని పీఎఫ్ వాటా 1,680, యజమాని ఈఎస్ఐ వాటా నూటికి 3.25 చొప్పున 455 కలిపినచో 16,135 అగును. పదహారు వేలని విని చేరినవాడు పన్నెండు వేలు చూచి, మోసపోయితినని అనుకొనును. గనుక చేరు దినమున అడుగవలసినది, "చేతికి ఎంత?" అని.

ఇంకొక్క మాట. నెలకు ఇచ్చునది శాలరీ, దినమునకో వారమునకో ఇచ్చునది వేజెస్ అని వాడుక. చట్టములో మాత్రము రెండింటికి వేజెస్ అనియే వ్రాయుదురు. ఆ మాట చూచి, ఇది దినకూలివారికి మాత్రమే అని తీసివేయరాదు.

2. ఎటువంటి ఉద్యోగము?

పర్మనెంటు అనగా స్థిరమైన ఉద్యోగము. ప్రొబేషన్ అనగా స్థిరపరచుటకు ముందు పరీక్షాకాలము. టెంపరరీ అనగా కొంతకాలపు పని. కాజువల్ అనగా పని ఉన్ననాడు పిలుచుట. ఫిక్స్‌డ్ టర్మ్ అనగా ఫలానా తేదీ వరకు అని వ్రాసికొని చేయు పని. పీస్ రేటు అనగా చేసిన సంఖ్యను బట్టి కూలి. షోలాపూరులో బీడీలు చుట్టు మన తెలుగు స్త్రీలకు వెయ్యికి ఇంత అని వచ్చునది ఇదే.

కాంట్రాక్టు అను మాటను జాగ్రత్తగా చూడవలెను. కాంట్రాక్టు పనివానికి జీతమిచ్చువాడు ఒకడు, పని చేయించుకొనువాడు మరియొకడు. రెండవవానిని ప్రిన్సిపల్ ఎంప్లాయర్ అందురు. కాంట్రాక్టరు కూలి ఎగవేసినయెడల దానిని ఈ ప్రిన్సిపల్ ఎంప్లాయరు ఇయ్యవలెనని చట్టము. బెంగళూరు పౌరకార్మికులలో తెలుగువారు అనేకులు. కాంట్రాక్టు, డైరెక్ట్ పేమెంట్, పర్మనెంట్ అను మూడు మాటలకు గల తేడా వారికి బాగుగా తెలియును. డైరెక్ట్ పేమెంట్ అనగా మధ్యవర్తి లేకుండ నగరపాలక సంస్థయే సొమ్మును బ్యాంకులో వేయుట. అంతమాత్రమున అది పర్మనెంటు కాదు.

బద్లీ అను మాట మనలను తికమక పెట్టును. తెలుగులో బదిలీ అనగా ఒక ఊరి నుండి మరియొక ఊరికి మార్చుట. బొంబాయి, షోలాపూరు మిల్లులలో బద్లీ అనగా, మస్టరు రోలులో పేరున్న మరియొకని స్థానములో పని చేయువాడు. మస్టరు రోలు అనగా హాజరుపట్టీ. పని లేనప్పుడు ఇచ్చు లే-ఆఫ్ పరిహారము బద్లీవానికి రాదు. అయితే ఒక్క సంవత్సరము ఎడతెగక సర్వీసు పూర్తి చేసినవానిని ఇకమీదట బద్లీగా ఎంచరాదని అదే చట్టములో ఉన్నది. గనుక హాజరు దినముల లెక్కను మనము కూడ ఒక నోటుబుక్కులో వ్రాసికొనుట మేలు.

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్లు అమలులోనికి వచ్చినవి. పనివారికి అపాయింట్మెంట్ లెటరు, అనగా నియామక పత్రము ఇయ్యవలెనని వాటిలో ఉన్నది. పైన చెప్పిన మాటలలో మీది ఏదియో ఆ పత్రము మీదనే తెలియును. దానిని అడిగి తీసికొని దాచుకొనుడి.

3. సెలవు మాటలు

కాజువల్ లీవ్ అనగా చిన్న అవసరములకు పెట్టు సెలవు. సిక్ లీవ్ జబ్బు చేసినప్పుడు. ఎర్న్‌డ్ లీవ్ అనగా పని చేసి సంపాదించుకొన్న సెలవు. మెటర్నిటీ లీవ్ అనగా ప్రసూతి సెలవు. 2017 నుండి మొదటి రెండు కాన్పులకు ఇది 26 వారములు. లాస్ ఆఫ్ పే అనగా జీతము లేని సెలవు.

కాజువల్ లేబరు అను మాటలోను, కాజువల్ లీవ్ అను మాటలోను ఒకే పదమున్నది గాని, మొదటిది ఉద్యోగపు రకము, రెండవది సెలవు రకము. లీవ్ వేరు, ఆబ్సెంట్ వేరు. అడిగి, అనుమతి పొంది రానిది లీవ్. చెప్పకుండ రానిది ఆబ్సెంట్. ఊరిలో పెండ్లియనియో చావనియో ఫోను రాగానే రైలెక్కుట మనకు అలవాటు. తోటిపనివానితో చెప్పి పోయినను కాగితము మీద అది ఆబ్సెంటే. ఒక్క చీటి వ్రాసి ఇచ్చి, లేదా సూపర్‌వైజరు ఫోనుకు సందేశము పంపి పోయినయెడల మనయొద్ద ఆధారముండును.

4. పని పోవుటకు సంబంధించిన మాటలు

ఈ పాఠములో అన్నిటికంటె ముఖ్యమైన భాగమిది. మన నోట "పని మానేశాడు", "పనిలోనుంచి తీసేశారు" అని రెండే ఉన్నవి. కాగితము మీద అరడజను ఉన్నవి.

రిజిగ్నేషన్: తనంతట తాను మానుట, అనగా రాజీనామా.
రిటైర్మెంట్: వయస్సు నిండి విరమించుట. వాలంటరీ రిటైర్మెంట్: వయస్సు నిండకముందే, ఇచ్చు సొమ్మునకు ఒప్పుకొని విరమించుట.
సస్పెన్షన్: విచారణ ముగియువరకు పనికి రావద్దనుట. ఇది ఉద్యోగము పోవుట కాదు. స్టాండింగ్ ఆర్డర్లు వర్తించు సంస్థలలో మొదటి 90 దినములు సగము వేతనము జీవనభత్యముగా ఇయ్యవలెను.
డిస్మిసల్: తప్పు చేసినాడని శిక్షగా తీసివేయుట.
లే-ఆఫ్: ముడిసరుకో, కరెంటో లేక తాత్కాలికముగా పని ఇయ్యలేకపోవుట.
రిట్రెంచ్మెంట్: పనివాని తప్పేమియు లేకుండ, మనుష్యులు ఎక్కువైరని తీసివేయుట.
క్లోజర్: సంస్థయే మూతపడుట. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినప్పుడు ఈ మాట అక్కడి మన కుటుంబములన్నిటికి తెలిసినది.

ఇప్పుడు పత్రికలలోను, కంప్యూటరు కంపెనీలలోను లే-ఆఫ్ అనగా ఉద్యోగము తీసివేయుట అని వాడుచున్నారు. అది అమెరికా వాడుక. మన దేశపు చట్టములో లే-ఆఫ్ తాత్కాలికము. పనివాని పేరు హాజరుపట్టీలో నిలిచియే యుండును. 50 మందికి తక్కువ కాని ఫ్యాక్టరీలలో ఒక సంవత్సరము సర్వీసు గలవానికి అప్పుడు బేసిక్, డీఏలలో సగము పరిహారముగా రావలెను.

రిజిగ్నేషన్‌కు, రిట్రెంచ్మెంటుకు గల తేడాయే కుటుంబములను ముంచుచున్నది. ఒక పనివాడు పదియేండ్లు పని చేసెను, ఆఖరి జీతము 14,000 అనుకొనుడి. యజమాని, "ఆర్డర్లు లేవు, మనుష్యులను తగ్గించుచున్నాము" అని తీసివేసినయెడల అది రిట్రెంచ్మెంట్. ఒక నెల నోటీసు గాని ఒక నెల జీతము గాని ఇయ్యవలెను. దానిమీద పూర్తియైన ప్రతి సంవత్సరమునకు 15 దినముల సగటు జీతము పరిహారముగా ఇయ్యవలెను. పదియేండ్లకు అది సుమారు ఐదు నెలల జీతము, అనగా 70,000 రూపాయలకు దగ్గరగా వచ్చును. అదే దినమున అతని ముందు టైపు చేసిన కాగితమొకటి పెట్టి, "ఇక్కడ సంతకము పెట్టు, సెటిల్మెంటు ఇచ్చెదము" అందురు. ఆ కాగితములో ఐ రిజైన్ అని ఉన్నయెడల, అతడు తనంతట తానే మానినట్లగును. పరిహారము అడుగుటకు నోరు లేకపోవును. సంతకము చేయునప్పుడు అతని చెవిని పడినది సెటిల్మెంటు అను మాట ఒక్కటే.

గ్రాట్యుటీ సంగతి వేరు. ఐదేండ్లు నిండిన స్థిర ఉద్యోగికి, రాజీనామా చేసినను గ్రాట్యుటీ రావలెను. లెక్క ఏలాగనగా, ఆఖరి నెల బేసిక్, డీఏలను 26తో భాగించి, 15తో గుణించి, సంవత్సరముల సంఖ్యతో గుణించవలెను. పై మనుష్యునికి 80,769 రూపాయలు అగును. క్రొత్త కోడ్ల ప్రకారము ఫిక్స్‌డ్ టర్మ్ వారికి ఒక్క సంవత్సరమునకే ఈ హక్కు కలుగును.

ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్మెంట్ అనగా, "నాకు రావలసినదంతయు వచ్చినది, ఇక ఏమియు రాదు" అని ఒప్పుకొనుట. గనుక ఆఖరి నెల జీతము, వాడుకొనని ఎర్న్‌డ్ లీవ్ సొమ్ము, బోనసు, గ్రాట్యుటీ, పరిహారము - వీటిని ఒక్కొక్కటిగా లెక్క చూచిన తరువాతనే దానిమీద సంతకము చేయవలెను. కాగితము తీసికొన్నామని మాత్రమే చెప్పవలసినప్పుడు, రిసీవ్డ్ అని వ్రాసి, తేదీ వేసి సంతకము చేయవచ్చును. రిసీవ్డ్ అనగా ముట్టినది. అగ్రీడ్ అనగా ఒప్పుకొంటిని. ఈ రెండింటికి మధ్య ఎంతో దూరమున్నది.

5. నోరు తెరచి అడుగుటకు ఐదు వాక్యములు

వీటిని పెద్దగా పలుకుచు కంఠస్థము చేయుడి. మర్యాదగా, తొందరపడక పలుకవలెను.

వాట్ ఈజ్ దిస్ డిడక్షన్ ఫర్, సార్? - ఈ కోత దేనికండీ?
ప్లీజ్ గివ్ మీ ఎ కాపీ. - దయచేసి నాకొక ప్రతి ఇయ్యండి.
ఐ వాంట్ టు రీడ్ ఇట్ బిఫోర్ ఐ సైన్. - సంతకము చేయుటకు ముందు చదువుకొందును.
ఐ విల్ షో ఇట్ ఎట్ హోమ్ అండ్ బ్రింగ్ ఇట్ టుమారో. - ఇంట చూపించి రేపు తెచ్చెదను.
ఐ యామ్ నాట్ రిజైనింగ్. - నేను రాజీనామా చేయుట లేదు.

ఐదవ వాక్యము అవసరము రాకుండునట్లు ఉండుటయే మంచిది. వచ్చినప్పుడు మాత్రము అది నోట ఉండవలెను.

అభ్యాసము

1. బేసిక్ 8,000, డీఏ 4,000 గలవానికి పీఎఫ్, ఈఎస్ఐ కోతలు పోగా నెట్ ఎంత?
2. ఈ క్రిందివాటిలో ఉద్యోగము పోనివి ఏవి? సస్పెన్షన్, డిస్మిసల్, లే-ఆఫ్, రిట్రెంచ్మెంట్.
3. బదిలీకి, బద్లీకి తేడా ఏమి?
4. నెలకు 13,000 మీద ఎనిమిదేండ్లు చేసిన వానికి గ్రాట్యుటీ ఎంత?
5. రిసీవ్డ్, అగ్రీడ్ - మీరు చదువకుండ సంతకము చేసిన పాత కాగితములు ఇంటిలో ఉన్నచో తీసి, వాటిలో ఏ మాట ఉన్నదో చూడుడి.

జవాబులు: మొదటిదానికి 10,470 రూపాయలు. రెండవదానికి సస్పెన్షన్, లే-ఆఫ్. నాల్గవదానికి 60,000 రూపాయలు. మూడవది పాఠములోనే ఉన్నది. ఐదవదానికి జవాబు మీ ట్రంకుపెట్టెలో ఉన్నది.

మన పిల్లలు ఇంగ్లీషు బడులలో చదువుచున్నారు. వారి నాయన జీతపు చీటి, అమ్మ నియామక పత్రము వారికి పాఠ్యపుస్తకములు కావలెను. ఈ నెల జీతము వచ్చిన దినమున ఆ చీటిని బీరువాలో పెట్టక ముందు పదియేండ్లు దాటిన బిడ్డ చేతికిచ్చి పెద్దగా చదివించుడి. మాటను బిడ్డ చదువును, అర్థమును మీరు చెప్పుడి.