దూరపు రేడియో వినాలంటే రిసీవరులో ముందు ఏది మార్చాలి?

కోల్‌కతా నుంచి విశాఖపట్నం సరళరేఖలో సుమారు 760 కిలోమీటర్లు. విశాఖ ఆకాశవాణి మీడియం వేవ్ ఫ్రీక్వెన్సీ 927 కిలోహెర్ట్జ్. మధ్యాహ్నం పూట కోల్‌కతాలో రేడియో ముల్లును అక్కడ పెడితే గరగర తప్ప ఏమీ వినపడదు. చలికాలంలో రాత్రి పొద్దుపోయాక అదే చోట, గరగర మధ్య నుంచి తెలుగు మాటలు తేలి రావచ్చు. ఇలా దూరపు స్టేషన్లను వెతికి వినే వ్యాపకాన్ని డీఎక్సింగ్ అంటారు. కోల్‌కతాలోనూ, రైల్వే ఉద్యోగాల వల్ల తరాలుగా తెలుగువారు స్థిరపడిన ఖరగ్‌పూర్‌లోనూ ఈ వ్యాపకానికి సొంత భాష వినిపించే ఆనందం కూడా తోడవుతుంది.

అయితే స్టేషను సరిగా రాకపోతే చాలామంది చేసే మొదటి పని ఇంకా ఖరీదైన రేడియో కొనడం. ఒక్కోసారి దానివల్ల ఫలితం ఏమీ ఉండదు. ఎందుకు ఉండదో తెలిస్తే, ఏ మార్పు ముందు చేయాలో, ఏది తర్వాత చేయాలో తేలిపోతుంది.

రాత్రి వచ్చేది పగలెందుకు రాదు?

భూమికి సుమారు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున, అయనావరణంలో 'డీ' పొర ఉంటుంది. పగటి ఎండకు అక్కడ విడివడిన ఎలక్ట్రాన్లు మీడియం వేవ్ తరంగాల శక్తిని పీల్చేస్తాయి. సూర్యుడు అస్తమించాక ఈ పొర దాదాపు మాయమవుతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైకి వెళ్లి, వంద కిలోమీటర్ల పైనున్న 'ఈ' పొర నుంచీ, అంతకు పైనున్న 'ఎఫ్' పొర నుంచీ కిందికి వంగి, వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి.

ఈ పొరల అధ్యయనంలో కోల్‌కతాది పెద్ద పేరు. కలకత్తా విశ్వవిద్యాలయంలో శిశిర్ కుమార్ మిత్ర 1930 ప్రాంతంలోనే 'ఈ' పొరకు ప్రయోగపూర్వక సాక్ష్యం చూపారు. భూమధ్యరేఖకు ఇరువైపులా 'ఎఫ్' పొర ఎందుకు దట్టంగా ఉంటుందో 1946లో వివరించినవారిలో ఆయన ఒకరు. ఆ దట్టమైన పట్టీల్లో ఉత్తరపు దాని శిఖరానికి దగ్గరగానే కోల్‌కతా ఉంది.

ఈ పొరలు నిలకడగా ఉండవు. అందుకే దూరపు స్టేషను ధ్వని ఎగసి పడుతూ ఉంటుంది. అది రేడియో లోపం కాదు.

రిసీవరు రొదా, ఊరి రొదా

ఏ రిసీవరైనా తనవంతు కొంత రొదను చేరుస్తుంది. ఖరీదైన రిసీవరు తక్కువ చేరుస్తుంది. కానీ యాంటెన్నా నుంచి లోపలికి వచ్చే రొద అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువైతే ఈ పొదుపు ఎవరికీ వినపడదు.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం లెక్కల ప్రకారం 10 మెగాహెర్ట్జ్ వద్ద నగరంలో మనుషుల యంత్రాలు పుట్టించే రొద, ఉష్ణం వల్ల సహజంగా ఉండే కనీస రొదకు సుమారు 80,000 రెట్లు ఉంటుంది. యంత్రాల అలజడి లేని మారుమూల పల్లెలో అది 300 రెట్లు మాత్రమే. ఒక మామూలు రిసీవరు తనవంతుగా 100 రెట్లు చేరుస్తుందనుకుందాం. దాన్ని మార్చి, 10 రెట్లు మాత్రమే చేర్చే మేలురకం సెట్టు కొన్నారు. నగరంలో మొత్తం రొద 80,100 నుంచి 80,010కి తగ్గింది. ఆ తేడాను ఏ చెవీ పసిగట్టలేదు. పల్లెలోనైతే 400 నుంచి 310కి తగ్గుతుంది. అక్కడ కొంత ప్రయోజనం ఉంది.

దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. బయటి యాంటెన్నా పెట్టుకునే వీలున్న సెట్టును ఖాళీ ఫ్రీక్వెన్సీ మీద ఉంచి, యాంటెన్నాను తీసి పెట్టండి. పెట్టగానే రొద స్పష్టంగా పెరిగితే మీ రిసీవరు గ్రహణశక్తి ఇప్పటికే సరిపోతుంది. ఆ గుణం కోసం ఇంకో రేడియో కొననక్కర్లేదు.

ఇక రొద ఎక్కడ పుడుతోందో వెతకాలి. ఎల్ఈడీ బల్బుల డ్రైవర్లు, ఫోన్ ఛార్జర్లు, టీవీ, ఇన్వర్టర్, ఇంటర్నెట్ రూటర్ అడాప్టర్ ముఖ్యమైన అనుమానితులు. రేడియోను బ్యాటరీ మీద నడుపుతూ వీటిని ఒక్కొక్కటిగా ఆపి చూడండి. కరెంటు పోయిన పది నిమిషాలు ఈ పరీక్షకు మంచి సమయం. అప్పుడు మిగిలే రొద ఎంతో, మీ ఇంటి నుంచీ ఇరుగుపొరుగు నుంచీ వచ్చేది ఎంతో తెలిసిపోతుంది. దోషి దొరికితే దాన్ని మార్చండి, లేదా దాని తీగకు ఫెరైట్ రింగు చుట్టండి.

రేడియోను తిప్పడమూ ఒక మార్పే

మీడియం వేవ్‌కు చాలా రేడియోల్లో లోపలే ఫెరైట్ కడ్డీ యాంటెన్నా ఉంటుంది. ఇది తన పక్క వైపు నుంచి వచ్చే తరంగాలను బాగా అందుకుంటుంది. కడ్డీ కొనలు చూపే దిక్కుల నుంచి వచ్చేవాటిని దాదాపు వదిలేస్తుంది.

కోల్‌కతా నుంచి చూస్తే విశాఖ సరిగ్గా నైరుతిలో ఉంది. మీడియం వేవ్‌లో స్టేషన్ల మధ్య దూరం 9 కిలోహెర్ట్జ్. కాబట్టి 927కు ఒక పక్క 918లో రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్, మరో పక్క 936లో తిరుచిరాపల్లి ఉన్నాయి. సూరత్‌గఢ్ ఉన్నది పడమటి వాయవ్యంలో. కడ్డీ కొనను అటు తిప్పితే ఆ స్టేషను బాగా తగ్గిపోతుంది. విశాఖ మాత్రం కడ్డీకి పక్క వైపే ఉంటుంది గనుక నష్టం అతిస్వల్పం. ఖర్చు లేకుండా ఒక అడ్డు తొలగింది.

తిరుచిరాపల్లి విషయంలో ఈ ఉపాయం పనిచేయదు. కోల్‌కతా నుంచి అదీ విశాఖ దిక్కులోనే ఉంది. దాన్ని తగ్గించేలా రేడియో తిప్పితే విశాఖ కూడా పోతుంది. రిసీవరు నాణ్యత అవసరమయ్యేది ఇక్కడే.

పక్క స్టేషనును ఆపే ఫిల్టరు

కావలసిన స్టేషనును తీసుకుని, పక్కదాన్ని ఆపే గుణాన్ని వరణశీలత అంటారు. మామూలు రేడియోలు వచ్చిన సంకేతాన్ని 455 కిలోహెర్ట్జ్ అనే స్థిరమైన మధ్యంతర ఫ్రీక్వెన్సీకి మార్చి, అక్కడ ఫిల్టరు గుండా పంపుతాయి. ఆ ఫిల్టరు మరీ వెడల్పుగా ఉంటే 936లోని మాటలు 927లోకి చొరబడతాయి. 3 లేదా 4 కిలోహెర్ట్జ్ వెడల్పు ఫిల్టరును ఎంచుకునే వీలుంటే సంగీతం మొద్దుబారినా మాట తేటపడుతుంది. డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్ చిప్ ఉన్న చిన్న రేడియోల్లో చాలావాటికి ఈ సౌకర్యం ఉంది.

ముల్లును 927 మీద కాక 926 మీద పెట్టడం మరో చిట్కా. తిరుచిరాపల్లి ఇంకొంచెం దూరమవుతుంది. సూరత్‌గఢ్‌కు దగ్గరవుతాం గానీ దాన్ని కడ్డీ తిప్పి ముందే తగ్గించాం.

షార్ట్‌వేవ్‌లో ఇంకో చిక్కు వస్తుంది. 455 మధ్యంతర ఫ్రీక్వెన్సీ ఉన్న చవక సెట్లో 9,865 కిలోహెర్ట్జ్ స్టేషను బలంగా ఉంటే, సరిగ్గా 910 కిందనున్న 8,955 దగ్గర కూడా దాని నీడ వినిపిస్తుంది. కొత్త స్టేషను దొరికిందని మురిసిపోయే ముందు 910 కలిపి చూడాలి. రెండుసార్లు ఫ్రీక్వెన్సీ మార్చే డబుల్ కన్వర్షన్ సెట్లలో మొదటి మధ్యంతర ఫ్రీక్వెన్సీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఈ నీడ చాలా తగ్గుతుంది.

పెద్ద యాంటెన్నా చేసే కీడు

కోల్‌కతా ఆకాశవాణి 657 కిలోహెర్ట్జ్‌లో ఉంది. నగరానికి ఉత్తరాన హుగ్లీ ఒడ్డున చిన్సురాలో 594 కిలోహెర్ట్జ్‌కు 1,000 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ ఉంది. బంగ్లాదేశ్ శ్రోతల కోసం ఆకాశవాణి మైత్రి ప్రసారాలు 2016లో మొదలైంది అక్కడి నుంచే. ఇంత బలమైన సంకేతాలు పొడవాటి తీగ గుండా చిన్న రేడియోలోకి వస్తే అందులోని ఆంప్లిఫయరు తట్టుకోలేదు. రెండూ లోపలే కలిసి లేని స్టేషనును పుట్టిస్తాయి. 657ను రెట్టింపు చేసి 594 తీసేస్తే 720. అది చెన్నై ఆకాశవాణి స్థానం. చెన్నై వినాల్సిన చోట బెంగాలీ కలగాపులగం వినిపిస్తే, దాని పుట్టుక మీ రేడియోలోనే కావచ్చు. తీగను కుదించి చూడండి. ఆ శబ్దం మిగతావాటికంటే వేగంగా మాయమైతే అనుమానం నిజమే.

కంప్యూటరుకు తగిలించే సాఫ్ట్‌వేర్ రేడియోలకూ ఈ లెక్క ఉంది. 8 బిట్ల చవక పరికరం ఒకేసారి చూడగల అతి బలమైన, అతి బలహీన సంకేతాల మధ్య శక్తి నిష్పత్తి, సిద్ధాంతరీత్యా సుమారు లక్ష రెట్లు. 14 బిట్లదైతే సుమారు 40 కోట్ల రెట్లు. భారీ ట్రాన్స్‌మిటర్ల పక్కన బలహీన స్టేషన్లను వెతికేవారు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ. బలమైన స్టేషనును ముందే ఆపే ఫిల్టరు ఉంటే చవక పరికరమూ మెరుగవుతుంది.

ఏ వరుసలో మార్చాలి?

ముందు ఇంటి రొద తగ్గించండి. తర్వాత రేడియో దిశను, చోటును మార్చి చూడండి. కిటికీ పక్కన, ఇనుప గ్రిల్లుకు దూరంగా ఉంటే మేలు. మూడోది, బాల్కనీలో పట్టే చిన్న లూప్ యాంటెన్నా. కడ్డీలాగే దాన్నీ తిప్పి అడ్డు స్టేషనును తగ్గించవచ్చు. ఇవన్నీ అయ్యాక సన్నని ఫిల్టర్లు, బలమైన సంకేతాలను తట్టుకునే శక్తి చూసి కొత్త రిసీవరు కొనండి. స్టేషన్ల వేళలు, ఫ్రీక్వెన్సీలు మారుతుంటాయి కాబట్టి తాజా పట్టిక దగ్గర ఉంచుకోండి. మెరుపుల రొద తక్కువగా, రాత్రులు పొడవుగా ఉండే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం.

బయట కట్టిన తీగ విద్యుత్ లైన్ల మీదుగా పోకూడదు. చైత్ర వైశాఖాల్లో బెంగాల్ మీదికి కాలబైశాఖి గాలివానలు వస్తాయి. మబ్బు పట్టకముందే యాంటెన్నాను రిసీవరు నుంచి విడదీయాలి.

2020 మే 20న అంఫన్ తుపాను తాకినప్పుడు కోల్‌కతాలో చాలా చోట్ల విద్యుత్తూ మొబైల్ నెట్‌వర్కూ దెబ్బతిన్నాయి. అలాంటి రాత్రి బ్యాటరీ రేడియోకు టవరు అక్కర్లేదు, ఇంటర్నెట్టూ అక్కర్లేదు. ఏ స్టేషను ఏ వేళ ఎటు తిప్పితే వినపడుతుందో ముందే సాధన చేసిన ఇంట్లో అది వార్తలు మోసుకొస్తుంది.