పక్క ప్రాసెస్ లెక్క

చి. హారికకు,

రాత్రిపూట నడిచే ఆ రిపోర్టు ప్రోగ్రాము ఖాళీగా కూర్చున్నా పీఎస్ యాభై శాతం సీపీయూ అంటోంది, టాప్‌లో చూస్తే సున్నా, ఎవరిని నమ్మాలి అని రాశావు. ఇద్దర్నీ నమ్మమ్మా. లినక్సులో పీఎస్ ఏం చేస్తుందంటే, ఆ ప్రాసెస్ పుట్టినప్పటి నుంచి వాడిన సీపీయూ కాలాన్ని అది బతికిన మొత్తం కాలంతో భాగిస్తుంది. గంటసేపు ఒళ్ళు వంచి పనిచేసి ఇంకో గంట నిద్రపోతే సగమనే చూపిస్తుంది. టాప్‌కు అంత జ్ఞాపకం లేదు. కిందటిసారి తెర మార్చినప్పటి నుంచి ఇప్పటిదాకా ఏం జరిగిందో అదే చెబుతుంది.

నీకు కావలసింది కరెంటు మీటరు లెక్క. ఇప్పటి రీడింగులోంచి పాతది తీసేస్తేనే వాడకం తెలుస్తుంది. ప్రాక్ డైరెక్టరీలో ప్రాసెస్ నంబరు కింద స్టాట్ అనే ఫైలుంది కదా, అందులో 14వ గడి యూజర్ కాలం, 15వది కెర్నల్ కాలం. రెండూ క్లాక్ టిక్కుల్లో ఉంటాయి. మామూలుగా సెకనుకు 100 టిక్కులే, అయినా ఆ 100ని కోడులో రాసేయకు, సిస్‌కాన్ఫ్‌ను అడిగి తెలుసుకో.

నీ స్క్రిప్టులో ఆ స్టాట్ వరుసను ఖాళీల దగ్గర విడగొట్టావు చూడు, అది ఏదో ఒకరోజు ముంచుతుంది. రెండో గడిలో ప్రోగ్రాము పేరు బ్రాకెట్లలో ఉంటుంది. ఆ పేరులోనే ఖాళీలూ బ్రాకెట్లూ ఉండొచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు. చివరి మూసే బ్రాకెట్టు ఎక్కడుందో వెతికి అక్కడి నుంచి లెక్కపెట్టు. ఇంకోటి, రెండు రీడింగుల మధ్యలో ఆ ప్రాసెస్ పోయి, అదే నంబరు వేరేదానికి దక్కవచ్చు. 22వ గడిలో పుట్టిన సమయం ఉంటుంది. అది మారిందంటే మనిషి మారినట్టే.

గెట్‌ఆర్‌యూసేజ్ వాడమని మీ టీమ్‌లో ఎవరో అన్నారట. 4.2 బీఎస్‌డీతో 1983లో వచ్చిన కాల్ అది. మంచిదే, కానీ దానికి ఇంకో ప్రాసెస్ నంబరు ఇచ్చే చోటే లేదు. పిలిచిన నీ ప్రాసెస్ లెక్క చెబుతుంది, దాని పిల్ల ప్రాసెస్‌ల లెక్క చెబుతుంది, లినక్సులో నీ త్రెడ్ లెక్క కూడా చెబుతుంది. పిల్లలంటే మళ్ళీ అందరూ కాదు, పని ముగించుకుని, నువ్వు వెయిట్ చేసి అందుకున్నవి మాత్రమే. ఇంకా నడుస్తున్న పిల్ల అందులో కనబడదు. పిల్లల గరిష్ఠ మెమరీ అడిగితే వచ్చేది కూడా మొత్తం కాదు, అన్నిటిలోకీ పెద్దదాని అంకె. ఆ అంకె లినక్సులో కిలోబైట్లు, మ్యాక్‌లో బైట్లు! గడి పేరు మాత్రం ఒకటే.

నన్నడిగితే, వీలున్నచోటల్లా ఆ ప్రోగ్రామును నువ్వే పుట్టించు. ఫోర్క్ చేసి, ఎగ్జెక్ చేసి, వెయిట్4తో అందుకుంటే ఆ ఒక్క పిల్ల లెక్కంతా కెర్నల్ నీ చేతిలో పెడుతుంది. కోడు రాసే ఓపిక లేకపోతే క్రాన్ వరుసలో ముందు గ్నూ టైమ్ పెట్టు, మైనస్ వీతో. యూఎస్ఆర్ బిన్ కింద ఉన్నదాన్ని పూర్తి దారితో రాయి, లేకపోతే బాష్ తన సొంత టైమ్ నడిపేస్తుంది, దానికి మెమరీ సంగతి తెలియదు. సెకనుకోసారి తొంగిచూసే నీ స్క్రిప్టుకు మధ్యలో ఉబ్బి తగ్గిన మెమరీ దొరకదు. కెర్నల్ ఆ గరిష్ఠాన్ని తనే గుర్తుపెట్టుకుంటుంది. వేరెవరో మొదలుపెట్టినదైతే, బతికుండగానే ప్రాక్‌లో దాని స్టేటస్ ఫైలులో వీఎంహెచ్‌డబ్ల్యూఎం వరుస చూడు. ప్రాసెస్ పోయాక ఆ ఫైలూ ఉండదు.

మెమరీలో ఒక మోసం ఉంది. పది ప్రాసెస్‌ల ఆర్‌ఎస్‌ఎస్, అంటే ర్యామ్‌లో ఉన్న వాటి పేజీల లెక్క, కూడితే ఒక్కోసారి మెషీన్‌లో ఉన్న ర్యామ్‌ కన్నా ఎక్కువొస్తుంది, ఎందుకంటే అందరూ పంచుకునే పేజీలను ఒక్కొక్కరి ఖాతాలో పూర్తిగా రాస్తారు. పీఎస్‌ఎస్ అనే లెక్క అయితే ఆ పేజీలకు వాటాలు వేస్తుంది. లినక్స్ 4.14 నుంచి ఎస్‌మ్యాప్స్ రోలప్ ఫైలులో దాని మొత్తం ఒకేచోట దొరుకుతుంది. చదవడానికి అనుమతి కావాలి, పేజీ పట్టికలన్నీ తిరగాలి కాబట్టి ఖర్చూ ఎక్కువే. సెకనుకోసారి చదవకు.

మీ రిపోర్టు లోపల ఇంకా పిల్లల్ని కంటోందని రాశావు. అలాంటప్పుడు ఒక్కొక్క నంబరు వెంట పరిగెత్తడం దండగ. దాన్నొక సీగ్రూప్‌లో, అంటే కెర్నల్ కలిపి లెక్కగట్టే ప్రాసెస్‌ల గుంపులో, పెట్టి సీపీయూ డాట్ స్టాట్, మెమరీ డాట్ పీక్ చదువు. రెండోది ఉండాలంటే కెర్నల్ 5.19 గానీ ఆ పైది గానీ కావాలి. ఫైళ్ళ క్యాష్ కూడా అందులో కలిసి వస్తుంది, పెద్ద అంకె చూసి కంగారుపడకు.

మార్చిన స్క్రిప్టు పంపు, చూస్తాను. నాన్నను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ పెదనాన్న