దలా రేవు లెక్కలు: ఉద్యోగం పోతే ఇల్లు ఎలా నడపాలి?

ఈ పాఠం పెద్ద తరగతి పిల్లల కోసం రాసింది. వాళ్ళని బడిలో దింపి, పార్కింగ్ లాట్‌లో కార్లలోనే కూర్చుని లాప్‌టాప్ తెరిచే తల్లిదండ్రులు కూడా చదవాలని మా కోరిక. ఇందులో కొంచెం చరిత్ర, కొంచెం కూడికలు తీసివేతలు ఉంటాయి. మామూలుగా మేము ఈ పేజీల్లో పద్యాల అర్థాలో, పండుగల విశేషాలో రాస్తుంటాం. ఈసారి డబ్బు గురించి రాయడానికి కారణం అందరికీ తెలుసు. 2001లో, 2008-09లో, మళ్ళీ 2022-23లో మన కుటుంబాల్లో ఎంతోమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. అలాంటప్పుడు పెద్దవాళ్ళు పిల్లలకు తెలియకూడదని తలుపు వేసుకుని మాట్లాడుకుంటారు. పిల్లలకు ఎలాగూ తెలిసిపోతుంది. అదేదో లెక్కగా తెలిస్తే భయం తగ్గుతుందని మా అభిప్రాయం.

ముందుగా ఒక పాత సంగతి చెప్పుకుందాం. పరదేశంలో ఉద్యోగం పోవడం తెలుగువాళ్ళకు కంప్యూటర్లతో మొదలైంది కాదు.

రంగం వెళ్ళినవాళ్ళు

మీ తాతమ్మల కాలంలో శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల్లో "రంగం వెళ్ళాడు" అంటే రంగూన్ వెళ్ళాడని అర్థం. ఇప్పుడు ఆ ఊరి పేరు యాంగోన్, ఆ దేశం పేరు మయన్మార్. కాకినాడ, విశాఖపట్నం, భీమిలి, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి బంగాళాఖాతం దాటి వెళ్ళేవారు. గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న కోరంగి రేవు పేరుమీద అక్కడ మనవాళ్ళని "కోరంగీలు" అనేవారు. ఆ మాటను గౌరవంగా అనేవారు కాదు, అది కూడా పిల్లలు తెలుసుకోవాలి.

రంగూన్ ఊరికి ఎదురుగా, నది దక్షిణపు ఒడ్డున ఉన్నది దలా. ఇరావడీ ఫ్లోటిల్లా కంపెనీ వారి పెద్ద డాక్‌యార్డు అక్కడే ఉండేది. ఆ కంపెనీకి 1920ల నాటికి ఆరువందలకు పైగా పడవలుండేవి. ప్రపంచంలోనే అతిపెద్ద నదీ నౌకాదళం అని దానికి పేరు. స్కాట్లండులో తయారైన స్టీమర్ల భాగాలను తెచ్చి ఇక్కడ బిగించేవారు, పాతవాటిని బాగుచేసేవారు. నదికి రెండువైపులా రేవులు, బియ్యం మిల్లులు. వీటిల్లో బరువులు మోసే పని చాలావరకు తెలుగు కూలీలదే. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే.

ఇప్పుడు అసలు విషయం. ఈ కూలీలకు పని కంపెనీ ఇచ్చేది కాదు, మేస్త్రీ ఇచ్చేవాడు. ఊళ్ళో అడ్వాన్సు ఇచ్చి, స్టీమరు టిక్కెట్టు కొని తీసుకెళ్ళేది మేస్త్రీయే. కంపెనీ కూలి డబ్బు పెద్ద మేస్త్రీకి ఇస్తే, అతను చిన్న మేస్త్రీకి, చిన్న మేస్త్రీ కూలీకి, ఎవరి కమిషను వాళ్ళు పట్టుకుని ఇచ్చేవారు. ఇరుకు గదుల్లో పదులమంది పడుకునే బస కూడా చాలాసార్లు మేస్త్రీ చూపించినదే. అంటే పని, అప్పు, గది, ఇంటికి తిరిగి వెళ్ళే దారి, నాలుగూ ఒకే మనిషి చేతిలో ఉండేవి. పని పోతే నాలుగూ ఒకేరోజు పోయేవి. మేము ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది దాదాపు ఇంతే. జీతం చిన్నదా పెద్దదా అన్నది తరువాతి సంగతి.

కూలీ లెక్క

లెక్క కోసం ఒక కూలీని ఊహించుకుందాం. ఈ అంకెలు పాఠం కోసం మేము వేసుకున్నవి, చరిత్ర పుస్తకంలోవి కావు. అతని నెల కూలి 24 రూపాయలు. మేస్త్రీ కమిషను 2, అడ్వాన్సు కింద కోత 4, తిండికి 9, గదికి 1, ఊళ్ళో ఇంటికి పంపేది 5. మిగిలేది 3 రూపాయలు. తీసుకున్న అడ్వాన్సు 40. నెలకు 4 చొప్పున తీరడానికి పది నెలలు కావాలి.

నాలుగు నెలలకే పని ఆగిపోయిందనుకోండి. చేతిలో 12 రూపాయలు, నెత్తిన 24 రూపాయల బాకీ. తిండికీ గదికీ నెలకు 10 కాబట్టి ఆ 12 రూపాయలు నెలా ఆరు రోజులు వస్తాయి. స్టీమరు టిక్కెట్టు 14 అనుకుంటే, మొదటిరోజే బయలుదేరదామన్నా చాలవు. ఇంటికి 5 బదులు 4 పంపి, ఆ రూపాయిని వేరే మూటలో కట్టి ఉంటే? నాలుగు నెలల్లో చేతిలో 16 ఉండేవి. టిక్కెట్టు పోను ఇంకా 2 మిగిలేవి. ఒక్క రూపాయి తేడా. కానీ ఆ రూపాయి ఊళ్ళో ఎవరి గంజిలోంచి తగ్గేదో కూడా ఆలోచించండి. పొదుపు చెయ్యలేదని ఆ కూలీని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

నిజంగానే పని ఆగిన సంవత్సరం 1930. ప్రపంచమంతటా ఆర్థిక మాంద్యం మొదలై, బర్మాలో వడ్ల ధర ఏడాది రెండేళ్ళలో సగానికి పైగా పడిపోయింది. మే నెలలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను తీసుకున్నారు. సమ్మె రాజీ అయింది, మనవాళ్ళు తిరిగి పనిలోకి వచ్చారు. మే 26న బర్మా కూలీలు ఎప్పటిలాగే పనికి వస్తే, ఇక అవసరం లేదన్నారు. భర్తలకు అన్నం పట్టుకొచ్చిన ఆడవాళ్ళు కూడా అక్కడే ఉన్నారు. మాటామాటా పెరిగి అల్లర్లు మొదలై, కొద్దిరోజుల్లో వందమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో అత్యధికులు భారతీయులు. మన పుస్తకాల్లో దీన్ని తెలుగువాళ్ళ కష్టంగానే చెబుతారు, కష్టమే. అయితే ఆ ఉదయం ఉద్యోగం పోయినవాళ్ళు బర్మావాళ్ళు. ఒక పూట జీతం లేకపోతే ఇల్లు గడవని రెండు గుంపుల మధ్య జరిగిన గొడవ అది.

డబ్బు ఎక్కడ దాచాలి?

ఆ తరువాతి చరిత్ర అంతా ఈ ప్రశ్నే. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. స్టీమరు టిక్కెట్టు డబ్బులున్నవాళ్ళకు కూడా స్టీమర్లు దొరకలేదు. 1942లో లక్షలమంది భారతీయులు అడవులు, కొండలు దాటి నడిచి వచ్చారు, ఎంతోమంది దారిలోనే పోయారు. ఫ్లోటిల్లా కంపెనీ పడవలు శత్రువు చేతికి చిక్కకుండా కంపెనీవాళ్ళే చాలావాటిని ముంచేశారు. అక్కడే ఉండిపోయినవాళ్ళు జపాన్ వారి సైనిక నోట్లలో జీతం తీసుకున్నారు. 1945లో బ్రిటిష్‌వారు తిరిగొచ్చి ఆ నోట్లు చెల్లవన్నారు.

స్వతంత్ర బర్మాలో 1963లో బ్యాంకులను, 1964లో దుకాణాలను ప్రభుత్వం తీసుకుంది. 1964 మే నెలలో 50, 100 క్యాట్ల నోట్లను రద్దు చేసింది. ఆ రోజుల్లో ఓడెక్కి వచ్చేసినవాళ్ళను నగలు, నగదు పెద్దగా తెచ్చుకోనివ్వలేదు. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేట అలా వచ్చినవాళ్ళదే. ఉండిపోయినవాళ్ళు 1985లోనూ, 1987లోనూ మళ్ళీ నోట్ల రద్దు చూశారు. 1987లో 25, 35, 75 క్యాట్ల నోట్లు పోయాయి, బదులు ఏమీ ఇవ్వలేదు. 2003 ఫిబ్రవరిలో ప్రైవేటు బ్యాంకుల ముందు జనం బారులు తీరారు. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం తీసుకున్నాక ఏటీఎంల ముందు అదే దృశ్యం, రోజుకు ఇంతకంటే తీసుకోకూడదని పరిమితులు. అక్కడివాళ్ళు బంగారాన్ని ఎందుకంత నమ్ముతారో ఇప్పుడు అర్థమవుతుంది కదా.

దలా ఇప్పటికీ పేదల పేటే. ఎంతోమంది అక్కడినుంచి నది దాటి యాంగోన్‌లో రోజుకూలికి వెళతారు. ఎండాకాలంలో చెరువులు ఎండిపోతే తాగేనీళ్ళు కూడా కొనుక్కోవాలి. పని లేని వారం అప్పు తీసుకుంటే, యాంగోన్ చుట్టుపక్కల పేదపేటల్లో వడ్డీ నెలకు నూటికి ఇరవై దాకా ఉంటుంది. సంవత్సరానికి కాదు, నెలకు! అప్పు లేనివాడే అధిక సంపన్నుడు అని మన పెద్దలన్న మాట అక్కడ అక్షరాలా నిజం.

మన ఇంటి లెక్క

మనకు మేస్త్రీ లేడు. కానీ హెచ్-1బి మీద ఉన్న కుటుంబాన్ని చూడండి. ఉద్యోగం, వీసా, ఇన్సూరెన్సు మూడూ ఒకే కంపెనీకి ముడిపడి ఉంటాయి. ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజులు గడువు, ఐ-94 తేదీ అంతకంటే ముందుంటే ఆ తేదీ వరకే. పిల్లల హెచ్-4 కూడా దానితోనే. ఆ లోపల కొత్త కంపెనీ పిటిషన్ వెయ్యాలి, లేదా మరో వీసాకు మార్చుకోవాలి, లేదా బయలుదేరాలి. చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. వీసా గడువు ముగియకముందే కంపెనీ తీసేస్తే, ఉద్యోగి స్వదేశానికి వెళ్ళే ప్రయాణ ఖర్చు కంపెనీయే ఇవ్వాలి. భార్యాపిల్లల టిక్కెట్లు మాత్రం మనవే.

ఇప్పుడొక కుటుంబం. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, ఒక్కరిదే జీతం. ఇవి కూడా ఊహించిన అంకెలే. చేతికొచ్చేది నెలకు 8,000 డాలర్లు. అద్దె 2,400, తిండి 900, కారుకు అన్నీ కలిపి 800, కరెంటు, నీళ్ళు, ఫోను 400, హైదరాబాదు ఫ్లాట్ ఈఎంఐ 700, తాతయ్య, నానమ్మల మందులకు 300. ఇవి ఆపలేనివి, మొత్తం 5,500. డాన్సు క్లాసులు, బయట భోజనాలు, షాపింగ్ వగైరా 1,500. పొదుపు 1,000.

ఉద్యోగం పోయాక ఖర్చు తగ్గుతుందని అందరూ అనుకుంటారు. ఆ 1,500 ఖర్చును 200కి దించారనుకోండి. కానీ ఇన్నాళ్ళూ కంపెనీ కట్టిన ఇన్సూరెన్సు ప్రీమియం ఇప్పుడు మన నెత్తిన పడుతుంది. కోబ్రా కింద పాత ప్లానునే మామూలుగా 18 నెలల వరకు కొనసాగించుకోవచ్చు, కానీ మొత్తం ప్రీమియం, పైన రెండు శాతం వరకు మనమే కట్టాలి. అది నెలకు 2,000 అనుకుంటే, ఖర్చు 5,500, 200, 2,000 కలిపి 7,700. ఉద్యోగం ఉన్నప్పుడు ఖర్చు 7,000 మాత్రమే! ఈ ఒక్క కూడిక ఇంట్లో కూర్చుని చేసుకుంటే చాలు, ఎంత దాచాలో దానంతట అదే తెలుస్తుంది. కోబ్రా ఒక్కటే దారి కాదు, మార్కెట్‌ప్లేస్ ప్లాన్లు కూడా పోల్చి చూసుకోవాలి, దానికీ 60 రోజుల గడువే.

ఈ కుటుంబం దగ్గర 23,100 డాలర్ల పొదుపుంది. 7,700తో భాగిస్తే మూడు నెలలు. బాగానే ఉందనిపిస్తుంది. అయితే కూలీ లెక్కలో విడిగా మూటకట్టమన్న రూపాయి గుర్తుందా? తిరుగు ప్రయాణానికి నలుగురి టిక్కెట్లు 4,800, కంపెనీ ఇచ్చేది తరువాత వచ్చినా ముందు మనమే పెట్టుకోవాలి. లీజు మధ్యలో వదిలితే ఒక నెల అద్దె 2,400, సామాను పంపడానికి 800. మొత్తం 8,000. ఇది తీసేస్తే మిగిలేది 15,100, అంటే రెండు నెలలకు కొంచెం తక్కువ. వీసా గడువు కూడా దాదాపు అంతే. ఈ 8,000 వేరే ఖాతాలో ఉండాలని మేము గట్టిగా చెబుతున్నాం. కలిపి ఉంచితే అది ఎప్పుడు కరిగిపోయిందో కూడా తెలియదు.

"మాకు బోలెడంత ఉందండీ" అని కొందరు నాన్నలు అంటారు. విడమర్చి అడిగితే 401కె, ఊరిబయట ప్లాటు, అమ్మ నగలు అని తేలుతుంది. 401కెని అరవయ్యో ఏడు దగ్గరపడకముందే తీస్తే సాధారణంగా టాక్స్ కాక పది శాతం పెనాల్టీ. ప్లాటు 60 రోజుల్లో అమ్ముడవదు, తొందరలో ఉన్నామని తెలిస్తే కొనేవాడు ధర తగ్గిస్తాడు. నగలు అమ్మాలంటే ముందు అమ్మ ఒప్పుకోవాలి! 1964లో రంగూన్‌లో 100 క్యాట్ల నోట్ల కట్టలున్నవాళ్ళూ ఉన్నవాళ్ళమనే అనుకున్నారు. ఇక్కడ మామూలు సేవింగ్స్ ఖాతాలో ఉన్న డబ్బుకు, ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి రెండున్నర లక్షల డాలర్ల వరకు ప్రభుత్వ ఇన్సూరెన్సు ఉంది. వడ్డీ తక్కువైనా సరే, మొదటి నాలుగైదు నెలల డబ్బు అక్కడే ఉండాలి.

ఇక ఊరికి పంపే డబ్బు. చాలా ఇళ్ళల్లో గొడవ వచ్చేది ఇక్కడే. మందుల 300 ఆపమని మేము చెప్పలేము. ఫ్లాట్ ఈఎంఐ సంగతి మాత్రం ఉద్యోగం ఉండగానే తేల్చుకోవాలి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు కదా. ఆరు నెలల ఈఎంఐ ఇండియా ఖాతాలో ముందే వేసి ఉంచినవాళ్ళు లేఆఫ్ వచ్చినప్పుడు కాస్త నిబ్బరంగా ఉండడం మేము చూశాం.

ఇంటిపని

1. మేస్త్రీ, అడ్వాన్సు, బాకీ, ఈఎంఐ, ప్రీమియం. వీటిని మీ సొంత మాటల్లో తెలుగులో వివరించండి.

2. కూలీ లెక్కలో మేస్త్రీ కమిషను లేకుండా, ఆ 2 రూపాయలూ అడ్వాన్సు కిందే పోయి ఉంటే, నాలుగు నెలల తరువాత బాకీ ఎంత ఉండేది? అప్పు ఎన్ని నెలల్లో తీరేది?

3. పై కుటుంబం బయట భోజనాలు తగ్గించి నెలకు 1,000 బదులు 1,400 పొదుపు చేస్తే, ఇంకో నెల ఖర్చుకు సరిపడా 7,700 కూడబెట్టడానికి ఎన్ని నెలలు పడుతుంది?

4. అమ్మతోనో నాన్నతోనో కూర్చుని మీ ఇంటి "ఆపలేని ఖర్చుల" జాబితా రాయండి. అంకెలు బడికి తీసుకురానక్కరలేదు.

5. ఈ వారం ఊరికి ఫోను చేసినప్పుడు, మన బంధువుల్లో ఎవరైనా రంగం వెళ్ళారా అని తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. వెళ్ళి ఉంటే ఏ రేవునుంచి వెళ్ళారు, తిరిగి ఎలా వచ్చారు అన్నది పది వాక్యాల్లో రాసుకురండి.