తాగుడు జబ్బుకు వైద్యం ఉన్నది



గేదె మేత మానేస్తే దానిని తిట్టము, పశువుల డాక్టరును పిలుస్తాము. ఇంట్లో మనిషి తాగుడుకు బానిసైతే మాత్రం తిట్టి, దేవుడి ముందు ఒట్టు వేయించి ఊరుకుంటాము. పదిహేను రోజుల పాల బిల్లు ఇల్లు చేరకుండానే ఖర్చైపోయే కుటుంబాలు మన సంఘాల్లోనూ ఉన్నవి. అందుచేత ఈ పాఠంలో తాగుడును జబ్బుగానే తీసుకొని వివరిస్తున్నాము.

తార్నాక నేర్పిన పాఠం

లాలాపేటలోని విజయ డెయిరీకి దగ్గరలోనే తార్నాక. అక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం వద్ద జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బును పరిశోధించడానికి మొదలైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు వచ్చింది. బెరిబెరి బి1 విటమిను లోపం వల్ల వస్తుంది. 1960 ప్రాంతంలో డాక్టరు సి. గోపాలన్ బృందం ఇక్కడే జొన్న తినే పేదలలో వచ్చే పెల్లాగ్రాను పరిశీలించింది. మెడ, చేతుల చర్మం నల్లబడడం, విరేచనాలు, మతి చెదరడం దాని గుర్తులు.

ఆనాడు పేదరికం తెచ్చిన ఈ రెండు లోపాలూ నేడు విపరీతంగా తాగేవారిలో కనిపిస్తున్నవి. 180 మి.లీ. క్వార్టరు విస్కీలో సుమారు 60 గ్రాముల ఆల్కహాలు, 420 కేలరీలు ఉంటాయి. మాంసకృత్తులు, విటమిన్లు మాత్రం లేవు. లీటరు గేదె పాలలో దాదాపు 40 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. తాగేవాడికి ఆకలి చస్తుంది, తిన్నది కూడా సరిగా ఒంటబట్టదు.

జబ్బు గుర్తులు

1. రానురాను మోతాదు పెరగడం.
2. పొద్దున్నే చేతులు వణకడం, తాగితే తగ్గడం.
3. మానాలనుకొని మానలేకపోవడం.
4. నష్టం తెలిసీ, పాలు పితికే వేళ కూడా తప్పి తాగడం.

కాలేయం చెడి కామెర్లు, పొట్టలో నీరు వస్తాయి. నోరు, అన్నవాహిక, రొమ్ము క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. ఎంత తాగినా హాని లేదనదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

ఒక్కసారిగా మాన్పించవద్దు

పశువుకు మేత కూడా ఒక్కరోజులో మార్చము. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి హఠాత్తుగా మానితే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజులలోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించి, మతి తప్పి, వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల మద్యం దుకాణాలు మూతపడినప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇటువంటి రోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు. కాబట్టి గదిలో పెట్టి తాళం వేయడం వైద్యం కాదు.

మరి మూడు జాగ్రత్తలు: ఇటువంటి రోగికి బి1 విటమిను ఇవ్వకుండా గ్లూకోజు సీసా ఒక్కటే ఎక్కిస్తే మెదడుకు హాని జరగవచ్చు. మందు మాన్పించే మాత్రను అతనికి తెలియకుండా కూరలో కలిపితే, ఆపై తాగినప్పుడు ప్రాణాపాయం కలగవచ్చు. కల్లు తాగే అలవాటుంటే అదీ డాక్టరుకు చెప్పాలి, కల్తీ కల్లులో మత్తుమందులు కలుస్తున్నవి.

ఎక్కడికి వెళ్లాలి?

ఎర్రగడ్డ చికిత్సాలయం ప్రభుత్వానిది. తార్నాకలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే ఎర్రగడ్డ స్టేషనుకు చేరవచ్చు. ఊళ్లలో ఉన్నవారు జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుని అడగాలి. వ్యసన విముక్తికి 14446, మానసిక సలహాకు 14416 ఉచిత ఫోను నంబర్లు.

మొదట మందులతో వణుకు, ఫిట్స్ రాకుండా చూస్తారు. తరువాత కోరిక తగ్గించే మందులు, సలహాలు నెలల తరబడి సాగుతాయి. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ బృందాలు హైదరాబాదులోనూ ఉన్నవి. వాటికి రుసుము లేదు. మళ్లీ తాగితే వైద్యం వృథా అయిందనుకోవద్దు. పొదుగువాపు తిరగబెడితే మళ్లీ మందు వేయిస్తాము కదా.

2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది. మిగిలిన 37 మందిలో మన సభ్యులు ఉండరాదని మా కోరిక.

సంఘ సమావేశంలో చర్చించండి

1. రోజూ తాగే మనిషిని ఒక్కసారిగా మాన్పిస్తే ఏమవుతుంది?
2. సభ్యుని పేరు బయటపడకుండా ఆసుపత్రికి తోడు వెళ్లడానికి మన సంఘంలో ఎవరు సిద్ధం?
3. సభ్యుడు ఒప్పుకుంటే పాల బిల్లును భార్య ఖాతాలో వేయడానికి ఏర్పాటు చేయగలమా?