డ్రాగన్ క్వెస్ట్‌తో మొదలుపెట్టొచ్చా?

ప్రశ్న: జపాన్ ఫాంటసీ ఆటలు ఇంతవరకు ఆడలేదు. ‘డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్’తో మొదలుపెట్టొచ్చా?

జవాబు: నిశ్చింతగా మొదలుపెట్టండి. 2017లో జపాన్‌లో వచ్చిన ఆటకు 2019లో విడుదలైన మెరుగైన రూపం ఇది. కథా రూపకల్పన యూజీ హోరీది, పాత్రల బొమ్మలు అకిరా తొరియామావి. పోరాటం వంతులవారీగా సాగుతుంది కాబట్టి చేతివేగం అక్కర్లేదు. ఆలోచించుకుని దెబ్బ తీయొచ్చు. శత్రువులు దూరం నుంచే కనిపిస్తారు, వద్దనుకుంటే తప్పించుకోవచ్చు. సిల్వాండో, వెరోనికా వంటి సహచరులే ఈ ఆటకు ప్రాణం.

లోపాలూ ఉన్నాయి. కథ ఊపందుకోవడానికి చాలాసేపు పడుతుంది. కథానాయకుడు నోరు విప్పడు. విషాద ఘట్టాల్లో ఆ మౌనం వెలితిగా అనిపిస్తుంది. సంగీతం బాగున్నా అవే బాణీలు పదేపదే వినిపిస్తాయి. పోరాటాలు కూడా తేలికే. అనుభవం ఉన్నవాళ్లయితే మొదట్లోనే ‘డ్రాకోనియన్ క్వెస్ట్’ అనే కష్టస్థాయి అమరికల్లో బలమైన శత్రువుల నియమాన్ని ఎంచుకోవాలి. మీరు కొత్తవారు కాబట్టి మామూలుగానే ఆడండి.

50 గంటలకు పైగా పట్టే ఆట ఇది. రోజుకు కొంచెంగా ఆడుకోండి. ఒక్క మాట గుర్తుంచుకోండి: ముగింపు పేర్లు పడగానే ఆపేయకండి. అసలు ముగింపు ఆ తర్వాతి భాగంలోనే ఉంది.